పెద్ద రైడర్ వద్దు, ఉన్న కార్నర్లని వదలొద్దు

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మొన్న మీ ఉత్తరాల పేజీలో శ్రీకాకుళం నుంచి ఒకాయన రాసేరు, ప్రో కబడ్డీలో మన టీము తెలుగు టైటాన్స్ వచ్చే వేలంలో పర్సు, అంటే ఆటగాళ్ళని కొనడానికున్న డబ్బు, మొత్తం ఖాళీ అయినా సరే ఒక పెద్ద రైడర్ని, అంటే కూతకెళ్ళి పాయింట్లు తెచ్చేవాడిని, పట్టుకురావాలి, లేకపోతే కప్పు ఊసే మర్చిపోవాలి అని. ఆయన బాధ నాకు అర్థమయింది, నాదీ అదే బాధ, ప్రో కబడ్డీ మొదలై పన్నెండు సీజన్లు అయిపోయినా మనం ఒక్కసారి కూడా ఫైనల్ ఆడలేదు. కానీ ఆయన చెప్పిన పని మనం ఇదివరకే చేసి చూసేం కదండీ, చేసి దెబ్బ తిన్నాం కూడాను.

మా విజయనగరంలో కూడా ఇదే గొడవ. సాయంత్రం మూడు లాంతర్ల దగ్గర టీకి నలుగురం కలిస్తే చాలు, మా బావ మొదలెడతాడు, "రైడింగ్‌కి విజయ్ మాలిక్, భరత్ ఉన్నారు సరే, ఇంకొక్కడుంటే ఎదురేలేదు" అని. పక్కనున్న కుర్రోళ్ళు కూడా వాడికే వంత. రైడర్ అయితే టీవీలో కనిపిస్తాడు, తొడ కొడతాడు, రీల్స్ వస్తాయి. కార్నర్లో, అంటే డిఫెన్స్ వరస చివర్లో, వొంగుని నిలబడినోడి మొహం ఎవరికి గుర్తుంటాదండి?

సీజన్ 10 సంగతి ఎవరూ మర్చిపోకూడదు. ఆ వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌ని టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు, అప్పటికి లీగులో అదే రికార్డు ధర. టీముకున్న పర్సు 5 కోట్లు. అంటే సగం పైచిలుకు ఒక్కడి మీదే పోసేరు. పవన్ ఆడలేదా అంటే ఆడేడు, ఆ సీజన్లో 200 పైనే రైడ్ పాయింట్లు తెచ్చేడు, అతన్ని అనడానికేమీ లేదు. అయినా 22 మ్యాచుల్లో మనం గెలిచినవి 2. ఆఖరి స్థానం. ఎందుకంటే అతను అటు వెళ్ళి రెండు పాయింట్లు తెస్తే ఇటు డిఫెన్స్ మూడిచ్చీసేది.

అదే వేలంలో పుణేరి పల్టన్ వాళ్ళు ఏం చేసేరో చూడండి. వాళ్ళూ పెద్ద డబ్బే పెట్టేరు, 2 కోట్ల 35 లక్షలు, కానీ ఎవరి మీద? ఇరాన్ నుంచొచ్చిన షాద్లూయి మీద, పట్లు పట్టేవాడి మీద. ఆ సీజన్లో అందరికంటే ఎక్కువ ట్యాకిల్ పాయింట్లు, అంటే రైడర్ని పట్టి తెచ్చే పాయింట్లు, అతనివే, కప్పు పుణే వాళ్ళదే. తర్వాతి సీజన్లో అతను హర్యానాకి వెళ్ళేడు, కప్పు హర్యానాకి వెళ్ళింది. ఒకే హాల్లో ఒకే రోజుల్లో రెండు టీములు దాదాపు ఒకే డబ్బు ఖర్చు పెట్టేయి, ఒకటి మొదటిది అయింది, ఒకటి ఆఖర్ది అయింది. రైడర్ కావాలనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

మా బావ వెంటనే అంటాడు, మరి సీజన్ 12లో అదే షాద్లూయిని గుజరాత్ 2 కోట్ల 23 లక్షలు పోసి కొంది కదా, వాళ్ళు ప్లేఆఫ్స్‌కి కూడా రాలేదేమని. నిజమే. నేను కాదనను. అదే ఏడాది బెంగాల్ వాళ్ళు దేవాంక్ అనే రైడర్ మీద 2 కోట్ల 20 లక్షల 50 వేలు పెట్టేరు, దేవాంక్ రైడ్ పాయింట్ల లిస్టులో పైనే ఉన్నాడు, బెంగాల్ కూడా ప్లేఆఫ్స్‌లో లేదు. రైడరైనా డిఫెండరైనా ఒక్కడే వచ్చి టీముని ఈడ్చుకుపోడు, నేను చెప్పేది కూడా అదే. మనకి కావలసింది ఇంకో పేరు కాదు, కలిసి ఆడి అలవాటు పడ్డ జోడీలు.

దీనికి కూడా మన టీము చరిత్రలోనే రుజువుంది. సీజన్ 9లో మన డిఫెన్స్ లిస్టు చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి, పర్వేశ్ భైన్స్వాల్, సుర్జీత్ సింగ్, రవీందర్ పహల్, విశాల్ భరద్వాజ్, అందరూ పేరున్నోళ్ళే, విశాల్ తప్ప మిగతావాళ్ళు వేరే వేరే టీముల్లో జెండా ఎగరేసి వచ్చినోళ్ళే. గెలిచినవి మళ్ళీ 2. ఎవరి ఆట వాళ్ళు ఆడేరు. కార్నర్ కాలు మీద పడితే సాయానికి రావాల్సిన కవర్ రావడానికి అరక్షణం ఆలస్యం, ఈలోపు రైడర్ మిడ్‌లైన్ అందుకునేవాడు, కార్నర్ ఔట్, ఒక్కోసారి ఆలస్యంగా వచ్చిన కవర్ కూడా ఔట్. ఆ సీజన్ చూసినోళ్ళందరికీ ఆ అరక్షణం గుర్తుండే ఉంటాది.

టీవీలో ఆట చూసేవాళ్ళు చాలామంది ఈ అరక్షణాన్ని పట్టించుకోరు, అందుకే కొంచెం వివరంగా రాస్తన్నాను. డిఫెన్స్‌లో ఏడుగురు ఉన్నప్పుడు చివర్లలో ఇద్దరు కార్నర్లు, వాళ్ళ పక్కన ఇద్దరు ఇన్‌లు, ఆ తర్వాత ఇద్దరు కవర్లు, మధ్యలో సెంటర్. కార్నర్ చెయ్యి ఇన్ చేతిలో ఉంటాది. రైడర్ బోనస్ పాయింటు కోసమో, కాలితో తాకడానికో లోపలికొచ్చినప్పుడు కార్నర్ వెళ్ళి చీలమండ పడతాడు. కానీ ఒట్టి చీలమండ పట్టుకుంటే గట్టి రైడర్ దాన్ని ఈడ్చుకుంటూనే గీత దాటేస్తాడు. అప్పుడు కవర్ నడుం మీదకి రావాలి, ఇన్ చేతులు కలిపిన చైన్ మూసేయాలి, ముగ్గురూ ఒకే వల లాగినట్టు లాగాలి. కార్నర్ వెళ్తాడని కవర్‌కి ముందే తెలియాలి. ఎలా తెలుస్తాది? నోటితో చెప్పే టైముండదు. చెయ్యి నొక్కితే తెలుస్తాది, భుజం వంగితే తెలుస్తాది, కలిసి ఆడి ఆడి తెలుస్తాది. వేలంలో ఎన్ని లక్షలు పాడినా దొరకనిది అదొక్కటే.

మా చీపురుపల్లి వైపు ఊళ్ళలో కనుమకి కబడ్డీ పోటీలు పెడతారు, మ్యాట్లు గీట్లు ఉండవు, ఎర్రమట్టి చదును చేసి నీళ్ళు జల్లి సున్నంతో గీతలు గీసీడమే. అక్కడొక కుర్రోడు ఆడగా చూసేను, సన్నగా ఉంటాడు, కుడి మోకాలికి పాత గుడ్డ చుట్టుకున్నాడు, కూతకొచ్చినోడు వాడికంటే రెండింతలున్నాడు. ఈ గుంటడు కదల్లేదు. వాడు చెయ్యి విసిరితే వెనక్కి తగ్గేడు, మళ్ళీ తన చోటుకొచ్చేడు, జనం "పట్టరా పట్టరా" అని అరుస్తన్నారు, అయినా పట్టలేదు. కూతకొచ్చినోడికి ఊపిరి సన్నగిల్లి, వెనక్కి తిరుగుదామని మడమ ఎత్తేడు చూడండి, ఆ మడమ నేలని వదిలిన క్షణంలో గుంటడి రెండు చేతులూ దాని మీదున్నాయి. కవర్లో ఉన్నది వాడి అన్నే, వాడు అప్పటికే గాల్లో ఉన్నాడు. అన్నదమ్ములు కాబట్టి ఒకడి కదలిక ఒకడికి తెలుసు. టైటాన్స్‌లో ఆ అన్నదమ్ముల తీరు ఇప్పుడిప్పుడే వస్తంది, దాన్ని వేలం పేరు చెప్పి చెడగొట్టొద్దనే ఈ ఉత్తరం.

ఇక డిఫెన్స్ పద్ధతి మార్చేరు, పిరికి ఆట ఆడిస్తన్నారు అని కోచ్ కృషన్ కుమార్ హుడా గారి మీద జనం వేసే నింద గురించి. నా కళ్ళకి కనపడింది చెప్తాను. అంతకుముందు మన డిఫెండర్లు రైడర్ ఇటొచ్చీరాగానే మీద పడిపోయేవారు, అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు, తగిలితే బ్రహ్మాండంగా ఉంటాది, స్టేడియం లేచి నిలబడతాది, తగలకపోతే ఆ పాయింటు పోవడమే కాదు మనిషి బయటికి పోతాడు. ఆయనొచ్చేక డిఫెన్స్ ఆగడం నేర్చుకుంది. రైడర్‌కి 30 సెకన్లు, ఆ 30 సెకన్లలో మొదటి ఇరవై వాడివి, ఆఖరి పది మనవి, అన్నట్టు ఆడతన్నారు. రెండు ఖాళీ రైడ్లు పోనిచ్చి మూడోది డూ ఆర్ డైకి, అంటే పాయింటు తేకపోతే రైడరే ఔటయ్యే రైడ్‌కి, తెచ్చి, అప్పుడు తప్పనిసరిగా లోపలికొచ్చే రైడర్ని పట్టడం. చూడ్డానికి చప్పగా ఉంటాది, ఒప్పుకుంటాను, కానీ ఫలితం చూడండి. సీజన్ 8లో 1 గెలుపు, 9లో 2, 10లో 2, ఈయనొచ్చిన సీజన్ 11లో 12 గెలుపులు. 12లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళి బెంగళూరుని కొట్టేం, పట్నాని కొట్టేం, ఫైనల్‌కి ముందు మ్యాచ్ క్వాలిఫయర్ 2 దాకా వెళ్ళేం. ఈయనే సీజన్ 8లో దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిన కోచ్. ఆ ఢిల్లీ టీములో రైడర్ నవీన్ కుమార్ పేరే అందరూ చెప్తారు గానీ వెనక డిఫెన్స్‌లో ఉన్నోళ్ళు జోగిందర్ నర్వాల్, మన్‌జీత్ ఛిల్లర్, జీవ కుమార్, సందీప్ నర్వాల్ లాంటి ముదురు ఆటగాళ్ళు. ఆ టీములోంచి వచ్చినోడే మన కెప్టెన్ విజయ్ మాలిక్ కూడాను.

"ఆగితే బోనస్ పోతంది కదా" అనేది ఇంకో మాట. పోతాది. ఆరుగురో ఏడుగురో కోర్టులో ఉంటేనే బోనస్ ఉంటాది, మనం నిండుగా ఉన్నప్పుడు వాడు బోనస్ గీత దాటి కాలేసి ఒక పాయింటు పట్టుకుపోతాడు. కానీ బోనస్‌కి వాళ్ళ మనిషి బతకడు, మనవాడు చావడు. అదే తొందరపడి మీద పడి విడిపించుకోనిస్తే వాళ్ళకి పాయింటూ వస్తాది, బయట కూర్చున్నోడూ లోపలికొస్తాడు, మనం ఒకడు తగ్గుతాం, అలా తగ్గుకుంటూ పోయి ఆలౌట్ అయితే ఇంకో రెండు. నేనైతే బోనస్ ఇచ్చీడానికే ఓటు వేస్తాను. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు మాత్రం ఆగకూడదు, సూపర్ ట్యాకిల్‌కి రెండు పాయింట్లు కాబట్టి అప్పుడు తెగించాల్సిందే. ఈ రెండో భాగం మనవాళ్ళకి ఇంకా సరిగ్గా రాలేదు, ముగ్గురే ఉన్నప్పుడు కూడా ఏడుగురున్నట్టే నిలబడతన్నారు, హుడా గారి మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

ఇప్పుడు ఆ క్వాలిఫయర్ 2 గురించి చెప్పాలి, చెప్పాలంటే ఇప్పటికీ కడుపు రగులుతాది. పుణే మీద మొదట్లో లీడ్ మనదే. భరత్ వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి తెస్తన్నాడు. ఆఖరికి స్కోరు 50-45, ఓడిపోయేం. ఒకసారి ఆలోచించండి, 45 పాయింట్లు కొట్టిన టీముకి రైడర్ తక్కువయ్యాడంటే ఎలా కుదురుతాది? ఈ మధ్య ఫైనల్స్ స్కోర్లు చూడండి. సీజన్ 9లో జైపూర్ 33-29తో గెలిచింది. 10లో పుణే 28-25. 11లో హర్యానా 32-23. 12లో ఢిల్లీ 31-28. ముప్ఫై దరిదాపుల్లో కొట్టినోళ్ళు కప్పులెత్తుతన్నారు, మనం 45 కొట్టి ఇంటికొచ్చేం. ఎందుకంటే 50 ఇచ్చేం కాబట్టి. పుణే రైడర్ ఆదిత్య షిండే వస్తన్నాడు, తాకుతున్నాడు, వెళ్తన్నాడు. ఆ రోజు మనవాళ్ళు లీడ్ చూసుకుని పాత అలవాటుకి పోయేరని, ఆగడం మానేసి మీద పడటం మొదలెట్టేరని నా అభిప్రాయం. రైడర్ కోసం అడిగేవాళ్ళు ఆ మ్యాచ్ ఇంకోసారి పెట్టుకుని రైడర్ని కాకుండా మన ఎడమ కార్నర్, కుడి కార్నర్ పాదాలు చూడండి, మీకే తెలుస్తాది.

అందుకని వేలానికి ముందు రిటెన్షన్ లిస్టులో, అంటే వదలకుండా ఉంచుకునేవాళ్ళ లిస్టులో, అంకిత్, శుభం షిండే, అజిత్ పవార్, ఈ ముగ్గురి పేర్లు ముందు రాయాలి. ఎడమ కార్నర్ అంకిత్, కుడి కార్నర్ శుభం షిండే, కవర్‌లో అజిత్. వీళ్ళని వదిలేసి మళ్ళీ వేలంలో కొనుక్కుందాంలే, ఆఖరి పాటకి సమానంగా ఇచ్చి మనోణ్ణి మనమే తీసుకునే ఫైనల్ బిడ్ మ్యాచ్ ఉంది కదా అనుకుంటే పక్క టీము వాళ్ళు కావాలని రేటు పెంచి కూర్చుంటారు. ఆ తర్వాత డబ్బులు మిగిలితే ఇంకో అనుభవమున్న కవర్. పెద్ద పేరు అక్కర్లేదు, బి కేటగిరీలో బేస్ ధర 20 లక్షలు, సిలో 13 లక్షలు, ఆ దగ్గర్లో దొరికే నడివయసు కవర్ అయినా చాలు, కానీ బ్లాక్ చేసేటప్పుడు, అంటే రైడర్ దారికి అడ్డు పడేటప్పుడు, కార్నర్ వైపు చూసి చేసేవాడై ఉండాలి.

రైడర్ని అసలు కొనొద్దనను. కొనండి, కానీ కొనేటప్పుడు ఒకటి చూడండి, వాడు కూతకి వెళ్ళొచ్చేక ఎక్కడ నిలబడతాడు? ఇన్‌లోనో సెంటర్లోనో నిలబడేది మామూలుగా రైడర్లే. కార్నర్ చెయ్యి పట్టుకునేది వాళ్ళే. మ్యాచ్‌లో వాడు కూతకి వెళ్ళే టైము కంటే చైన్‌లో నిలబడే టైమే ఎక్కువ. చేతులు నడుం మీద పెట్టుకుని ఊపిరి తీసుకుంటూ నిలబడే రైడర్ ఎంత గొప్పోడైనా వాడి పక్కనున్న కార్నర్ ఒంటరోడు అయిపోతాడు. అదే భరత్ అయితే 81 లక్షలకి వచ్చేడు, అతను రైడూ చేస్తాడు, అవసరమైతే పట్టూ పడతాడు. అలాంటోళ్ళు ఇద్దరుంటే రెండు కోట్ల రైడర్ కంటే మేలు.

2025 ఆగస్టు 29న వైజాగ్ విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో సీజన్ మొదటి మ్యాచ్ మన టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ అయింది కదా, పవన్ ఈసారి అటువైపు కెప్టెన్‌గా దిగేడు, మనం 38-35తో ఓడిపోయేం. మా విజయనగరం నుంచీ, శ్రీకాకుళం నుంచీ బస్సుల్లో, రైళ్ళలో జనం వెళ్ళేరు. 2014లో మొదటి సీజన్లో మన మ్యాచులు వైజాగ్ పోర్టు స్టేడియంలో జరిగినప్పుడు కూడా ఇలాగే వెళ్ళేవారు. ఇంత దూరం వెళ్ళేవాళ్ళ పిల్లలు ఆ టీములో ఆడాలని కూడా అనుకుంటారు కదండీ. ఈ కార్నర్ల గొడవ మన జిల్లాలకి ఎందుకు ముఖ్యమంటే అందుకే. మాది బరువులెత్తే నేల. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి గారు వెళ్ళి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చేరు. విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అంటే వెయిట్‌లిఫ్టర్ల ఊరని అందరికీ తెలుసు. కింద కూర్చుని లేచే బలం, తొడల్లో, నడుంలో ఉండే బలం, కార్నర్‌కి కావలసింది సరిగ్గా అదే. లీగులో న్యూ యంగ్ ప్లేయర్స్ అని 18 నుంచి 22 ఏళ్ళ కుర్రోళ్ళని తీసుకునే పద్ధతి ఉంది. టైటాన్స్ వాళ్ళు డిఫెండర్ల కోసమే అని చెప్పి విజయనగరంలో ఒకరోజు, శ్రీకాకుళంలో ఒకరోజు సెలక్షన్లు పెడితే ఎంతమంది వస్తారో చూడండి. ఇప్పుడేమవుతోందంటే ఊళ్ళో ప్రతి గుంటడూ రైడర్ అవుతానంటాడు, పీఈటీ మాస్టారు కార్నర్లో నిలబెడితే మొహం ముడుచుకుంటాడు, ఎందుకంటే కార్నర్ వాడికి పేరు రావడం వాడెప్పుడూ చూడలేదు.

అక్కడే మీకూ ఒక మనవి ఎడిటర్ గారూ. మీ స్పోర్ట్స్ పేజీలో కబడ్డీ వార్త వేసినప్పుడు ఎవరు సూపర్ టెన్, అంటే ఒక మ్యాచ్‌లో పది రైడ్ పాయింట్లు, కొట్టేరో వేస్తారు, ఫోటో కూడా రైడర్దే. హై ఫైవ్, అంటే ఐదు ట్యాకిల్ పాయింట్లు, కొట్టిన డిఫెండర్ పేరు చాలాసార్లు ఆఖరి లైన్లో ఉంటాది, చోటు చాలకపోతే అదీ ఉండదు. మ్యాచ్ రిపోర్టు కింద రెండు టీముల ట్యాకిల్ పాయింట్లు, సూపర్ ట్యాకిల్స్, ఎన్నిసార్లు ఆలౌట్ అయ్యేరు, ఈ మూడు అంకెలు వేస్తే చాలు. పాఠకులకి కూడా ఓటమి ఎక్కడ మొదలైందో తెలుస్తాది, వేలం టైముకి మాలో మేము దెబ్బలాడుకోవడానికైనా చేతిలో లెక్కలుంటాయి.

శ్రీకాకుళం పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పండి. ఆయన తన ఉత్తరంలో ఏ రైడర్ని కొనాలో పేరు రాసేరు గానీ ఆ డబ్బు కోసం ఎవర్ని వదులుకోవాలో రాయలేదు. శుభం షిండేనా, అంకిత్‌నా? ఆ పేరు కూడా రాయమనండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక టైటాన్స్ అభిమాని,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా